జరగని దొంగతనానికి దొరికిన దొంగ

మొన్న మా కాలనీ వాళ్లు కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. కొత్తగా వచ్చిన ఎస్సై, నా మనవడి ఈడు వాడు, లేచి నిలబడి మన ఏరియాలో నేరాలు బాగా తగ్గాయని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. పక్కన కూర్చున్నాయన "పాత పోలీసోళ్లకు కొత్తోళ్లను చూస్తే కడుపుమంట" అని నవ్వాడు. నాకు మండింది కడుపు కాదు, ఆ లెక్కను చూస్తే ఒళ్లు మండింది. అలాంటి లెక్కను నేను నా చేత్తో రాశాను. అది ఎలా తయారవుతుందో నాకు తెలుసు.

మీటింగు అయిపోయాక ఆ పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, "తాతా, మీ అనుభవాలు రాయున్రి. కొత్తగా చేరెటోళ్లకు పనికొస్తయి" అన్నాడు. మర్యాదకే అన్నాడు. నేను మాత్రం నిజమనుకుని రాస్తున్నాను. ఇందులో నా మెడల్స్ ఉండవు. ఎవరి కింద ఎన్నేళ్లు పనిచేశానో ఉండదు. నేను చేసిన ఒక తప్పు ఉంటుంది, దాన్ని దిద్దుకోబోతే అడ్డం వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒక్కరికి కూడా నేను క్షమాపణ చెప్పను. చెప్పుకోవలసిన మనిషి ఒకడున్నాడు. అతనికి అప్పుడే చెప్పాను.

సున్నా వచ్చిన నెల

నిజాం సర్కారు రోజుల్లో సిద్దిపేట ఠాణాలో జవానుగా చేరాను. ఉర్దూ రాయడం వచ్చు కాబట్టి లాఠీతో పాటు కలం కూడా నా చేతిలోనే పెట్టారు. ఫిర్యాదు చేయడానికి వచ్చినవాళ్ల మాట విని, రాసి, అమీన్ సాబ్ ముందు పెట్టాలి. అమీన్ అంటే ఇప్పటి ఎస్సై అనుకోండి. మిగతా పొద్దంతా కాళ్ల మీద తిరగడమే. నాకు అప్పజెప్పింది నేతపని వాళ్ల వాడ. పొద్దున్నే ఒక కొసన అడుగుపెడితే రెండో కొసకు చేరేదాకా మగ్గాల చప్పుడు చెవుల్లోనే ఉండేది.

చేరిన కొత్తలో బుచ్చవ్వ అని ఒకామె ఠాణాకు వచ్చింది. మొగుడు కట్టెతో కొడితే నెత్తి పగిలింది. కొంగు అడ్డం పెట్టుకున్నా రక్తం చెంప మీదికి కారుతోంది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఒక పేజీ నిండా రాసి, చాలా మంచి పని చేశానన్న గర్వంతో అమీన్ సాబ్ ముందు పెట్టాను. ఆయన చదివాడు.

"ఈ నెల ఆ వాడల ఇంకేమన్న రాసినవా?"

"లేదు సాబ్. ఇదొక్కటే."

"గట్లయితే ఇదెందుకు? మొగుడు పెండ్లాల ముచ్చట రాస్తే వాడ ఖరాబైందంటరు. పొమ్మను."

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దీపం గూట్లోకి విసిరేశాడు. దవాఖానకు పొమ్మని నేను బుచ్చవ్వను పంపించాను. ఆ నెల మా వాడ పేరుకు ఎదురుగా సున్నా వచ్చింది. తనిఖీకి వచ్చిన పెద్ద సాబ్ ఆ సున్నా మీద వేలు పెట్టి "శభాష్" అన్నాడు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనూ ఉబ్బిపోయాను. వారం తిరక్కముందే బుచ్చవ్వ బావి దగ్గర ఎదురుపడి, నన్ను చూసి తల పక్కకు తిప్పుకుంది.

మా అమీన్ సాబ్ చెడ్డవాడని రాస్తే పని సులువైపోతుంది. కానీ ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే. కానీ ఆయనకు వాడ అంటే రిజిస్టర్లో ఒక గీత. ఆ గీత మీద అంకె చిన్నదైతే జనం సుఖంగా ఉన్నట్టు. ఈ జబ్బు ఆయనతో పోలేదు. మొన్నటి మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్లందరికీ అదే జబ్బు.

నూలు పోవడం మొదలైంది

యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు మీద కంట్రోలు వచ్చింది. కార్డు మీద ఇచ్చే నూలుతో మగ్గం సగం నెల కూడా ఆడేది కాదు. మా వాడలో ఒక్కో మగ్గమే ఆగిపోతూ వచ్చింది. మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి కూడా ఆగినట్టే. మగవాళ్లు కొందరు కూలికి పోయారు. వేళ్లు నూలుకు అలవాటు పడ్డవాళ్లు, గడ్డపార పట్టుకుంటే ఒక్కరోజుకే చేతులు పుండ్లయ్యేవి.

అలాంటప్పుడు దొంగతనాలు మొదలయ్యాయి. పట్టపగలు ఇంట్లో మనిషి లేనప్పుడు నూలు కట్టలు పోతున్నాయి. నెలలో మూడిళ్లలో పోయాయి. మూడు ఫిర్యాదులూ నేనే రాశాను. ఈసారి అమీన్ సాబ్ కాగితాలు మడత పెట్టలేదు, పెట్టడానికి వీల్లేదు. ఎందుకంటే ఠాణాలో రాయించిన కాగితం మీద అమీన్ దస్తకత్, అంటే సంతకం ఉంటే, పోయిన నూలుకు బదులు నూలు కంట్రోలు దుకాణంలో ఇచ్చేవాళ్లు. పోగొట్టుకున్నవాళ్లు ఆ కాగితం కోసం ఠాణా అరుగు మీదే కూర్చునేవాళ్లు.

ఊళ్లో గగ్గోలు పుట్టింది. వాడ పెద్ద శంకరయ్య పదిమందిని వెంటేసుకుని ఠాణాకు వచ్చాడు. తెల్లటి మీసాలు, నెమ్మదైన మాట. ఆయన మాట్లాడుతుంటే అమీన్ సాబ్ కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు.

"సాబ్, మా ఆడోళ్లు బావికాడికి పోవాలన్న భయపడుతున్నరు. ఇంటికి తాళం పెట్టే అలవాటు మాకు లేకుండె. ఇగ మీరే దిక్కు" అన్నాడు.

సున్నా ఉన్నచోట మూడు చేరింది. పై నుంచి చీవాట్లు రావడం మొదలైంది. అమీన్ సాబ్ నన్ను పిలిచి ఒకటే మాట అన్నాడు.

"రాజయ్యా, నాకు దొంగ కావాలె."

ఆ మాటలోనే అంతా ఉంది. దొంగతనం సంగతి కనుక్కోమని ఆయన అనలేదు. దొంగ కావాలన్నాడు. అప్పుడు నాకు ఆ తేడా తెలియలేదు.

బియ్యం

నాలుగో ఫిర్యాదు భూమయ్యది. ఒక శనివారం భూమయ్య, అతని భార్య లస్మవ్వ కోహెడలో చుట్టాలింటికి పోయి వచ్చేసరికి అటక మీది నూలు లేదన్నారు. నేను ఇంటికి పోయి చూసి, పోయిన నూలు ఎలాంటిదో అడిగి రాసుకున్నాను. నీలం అద్దిన పడుగు నూలు, రెండు అంచులకు ఎర్ర నూలు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. అవి లేకుండా మగ్గం మీద కూర్చున్నా పనిలేదు.

శనివారం వాడలోకి వచ్చిన బయటివాళ్లు ఎవరని అడిగితే ఆరుగురి పేర్లు చెప్పారు. గాజులాయన, ఉప్పు అమ్మే ఇద్దరు, చిప్పలకు అతుకులు వేసే అతను, చేర్యాల నుంచి వచ్చిన ఒక బైరాగి, ఎల్లయ్య. ఎల్లయ్యది ఆ వాడ చివరే గుడిసె. అయినా అతన్ని బయటివాడి కిందే లెక్కపెట్టారు. ఇల్లిల్లూ తిరిగి అరిగిపోయిన విసుర్రాళ్లకు ఉలితో గంట్లు కొట్టేవాడు. కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలని సర్కారే రాసిపెట్టిన కాలం అది. ఎల్లయ్యది అలాంటి కులం. కుర్రతనంలో ఒకసారి శిక్ష కూడా పడింది. రెండోసారి పడితే జైలుతో పోదు. జైలు నుంచి వచ్చాక పెళ్లాం పిల్లలతో సహా ఇల్లు వదిలి, సర్కారు కంచె వేసిన జాగాలో బతకాలి.

ఈ ఆరుగురికి నేను బియ్యం పెట్టాను. ఈ పద్ధతి నాకు ఒక పాత జమేదారు నేర్పాడు. మంత్రించిన బియ్యమని చెప్పి గుప్పెడు నోట్లో పోసి నమలమనాలి. దొంగకు భయంతో నోరు ఎండిపోయి బియ్యం పొడిపొడిగా బయటికి వస్తాయి. నిజం చెప్పేవాడికి తడిగా ముద్దలా వస్తాయి. అంతకుముందు రెండుసార్లు ఈ పద్ధతిలోనే దొంగలు దొరికారు. దాంతో నాకు దీని మీద గట్టి నమ్మకం, దానికంటే గట్టిగా నా మీద నమ్మకం.

శంకరయ్య ఇంటి ముందు, వాడ జనమంతా చూస్తుండగా, మిట్టమధ్యాహ్నం వరసగా కూర్చోబెట్టాను. ఎల్లయ్య పక్కన సొరకాయ బుర్రలో నీళ్లు పెట్టుకున్నాడు. అది చూసి నేనే పోయి ఆ బుర్ర తీసేశాను.

"దొరా, నాకు నీళ్లు లేకుంటే నడువది" అన్నాడు.

"నమిలినంక తాగు" అన్నాను.

ఐదుగురివి ముద్దలుగా వచ్చాయి. ఎల్లయ్య ఆకు మీద ఉమ్మింది పిండిలా పొడిగా ఉంది. అందులో ఎర్రగా రక్తపు చార. జనం ఒక్కసారిగా లేచారు. ఎవరో రాయి విసిరారు. నేను అడ్డం నిలబడి, అతని రెక్క పట్టుకుని ఠాణాకు తీసుకుపోయాను. తోవ పొడుగునా అతను ఒకటే అడిగాడు, నీళ్లు.

మీకు అర్థమై ఉంటుంది. నాకే అర్థం కాలేదు. ఇరవై ఏళ్లుగా రాతిదుమ్ము మింగిన మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు, ఆ దగ్గుకు ఒక గుక్క నీళ్లు. వాడలో తిరుగుతూ ఆ దగ్గు నేను వెయ్యిసార్లు విన్నాను. ఆ బుర్ర వెయ్యిసార్లు చూశాను. అతని నోరు పుట్టెడు నిజం చెప్పినా తడవదు. అది తెలుసుకోవలసిన మనిషినే ఆ బుర్ర తీసి పక్కన పెట్టాను.

లాకప్‌లో ఏం జరిగిందో వివరంగా రాయను. నేను కొట్టలేదు. కొడుతుంటే బయట నిలబడ్డాను. ఆ రెండింటికీ తేడా ఉందని నన్ను నేను చాలా రోజులు మభ్యపెట్టుకున్నాను. రెండోరోజుకు ఎల్లయ్య నాలుగు దొంగతనాలూ ఒప్పుకున్నాడు. నూలు ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయాడు. ఒక్కోసారి ఒక్కో జాగా పేరు చెప్పేవాడు. పోయి చూస్తే ఏమీ ఉండేది కాదు.

వీధిలో పడుగు

గురువారం పొద్దున్నే అమీన్ సాబ్ భూమయ్య కాగితం మీద దస్తకత్ చేశాడు. దొంగ దొరికాడన్న సంతోషంలో ఆయనే "నువ్వే పోయి ఇచ్చిరా, వాడోళ్లకు సంబురంగుంటది" అన్నాడు. కాగితం సంచిలో పెట్టుకుని బయల్దేరాను. అంత పొద్దున నేనెప్పుడూ ఆ వాడకు పోలేదు. నా తిరుగుడు ఎండెక్కిన తర్వాతే మొదలయ్యేది. ఆ సంగతి వాడలో అందరికీ తెలుసు.

పడుగును ఇంట్లో పరచలేరు. అంత పొడుగు జాగా ఏ ఇంట్లోనూ ఉండదు. వీధిలో గుంజలు పాతి, ఆ కొస నుంచి ఈ కొసకు దారాలు చాచి, గంజి పట్టించి కుంచెతో దువ్వుతారు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. నేను మలుపు తిరిగేసరికి భూమయ్య ఇంటి ముందు పడుగు చాచి ఉంది. భూమయ్య ఒక పక్క, లస్మవ్వ ఒక పక్క కుంచె లాగుతున్నారు. నీలం పడుగు. రెండు అంచులకు ఎర్ర నూలు.

బదులు నూలు ఇప్పించే కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది.

భూమయ్య నన్ను చూసి కుంచె జారవిడిచాడు.

"ఇదెక్కడి నూలు?" అని అడిగాను.

"మా బామ్మర్ది ఇచ్చిండు. కుకునూరుపల్లి నుంచి."

"నీలమా? ఎర్ర అంచా?"

భూమయ్య వంగి కుంచె తీసుకున్నాడు. ఒక ప్రశ్న అడిగి నోరు మూసుకోవడం అమీన్ సాబ్ నేర్పాడని చెప్పాను కదా. నేను మూసుకున్నాను. లస్మవ్వ తలెత్తకుండా గంజి కారుతున్న దారాన్నే చూస్తోంది. చుట్టూ ఏడెనిమిది మంది నిలబడ్డారు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అప్పుడు తెలిసింది, ఈ సంగతి వాడలో తెలియనిది నాకొక్కడికే.

నేరుగా శంకరయ్య ఇంటికి పోయాను. ఆయన దాచలేదు. మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"నూలు ఎవలదీ పోలేదు, రాజన్నా. వంతులేసుకున్నం. ఒకసారి ఈ ఇల్లు, ఇంకోసారి ఆ ఇల్లు. కాగితముంటే ఇంకింత నూలొస్తది. పోరగాండ్లు గంజినీళ్లు తాగి పండుకుంటున్నరు. నువ్వు చూస్తలేవా?"

"ఎల్లయ్యను చూసినవా? లేవలేకపోతున్నడు."

ఆయన నేను కూర్చోని మంచం ఎత్తి గోడకు ఆనించాడు.

"మేము ఎవల పేరు చెప్పినం? దొంగ దొరకడనే అనుకున్నం. దొరకకుంటే ఎవలకూ నష్టం లేదు. బియ్యం పెట్టింది నువ్వు. పేరు పెట్టింది నువ్వు."

ఇన్నేళ్లలో నన్ను చెంపదెబ్బ కొట్టిన మాట అదొక్కటే. కానీ ఆ మాట పట్టుకుని ఆయన తప్పించుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. "పేరు నేనే పెట్టిన, నేనే తీస్త. మీరందరూ నూలు దాసిపెట్టుకొని ఆయన మీదికి రాళ్లేసిన్రు. అది మీరే మోయాలె" అని చెప్పి వచ్చేశాను.

పోచవ్వ

ఠాణాకు పోయి చెప్పాను. అమీన్ సాబ్ చాలాసేపు మీసం దువ్వుకున్నాడు.

"నాలుగు దొంగతనాలు, ఒక్క దొంగ. అన్నీ ఖతం. వాడ ఖుష్, పెద్ద సాబ్ ఖుష్. ఇప్పుడు దొంగతనమే కాలేదని చెప్పి ఎవలను ఖుష్ చేస్తవ్?"

"లోపల పడి ఉన్నాయన ఉన్నడు గద సాబ్."

"వాడు ఇయ్యాల కాకుంటే రేపు ఏదో ఒకటి చేస్తడు. వాని కులమే గది. దఫ్తర్ల రాసి ఉన్నది."

"దఫ్తర్ల రాసెటోన్ని నేనే సాబ్. ఎట్ల రాస్తమో నాకెరుక."

ఆయనకు కోపం వచ్చింది. సోమవారం అదాలతులో నేను సాక్ష్యం చెప్పాలి, బియ్యం సంగతి, ఒప్పుకోలు సంగతి చెప్పి దిగిపోవాలి, అంతకంటే ఒక్క మాట మాట్లాడినా నౌకరీ ఉండదన్నాడు. నేను సలాము కొట్టి బయటికి వచ్చాను.

నా మాట ఒక్కటే సరిపోదని నాకు తెలుసు. రంగు చూశానంటే, నీలం నూలు ఊరంతా ఉంటుందంటారు. భూమయ్యో లస్మవ్వో నిజం చెప్పాలి. శనివారం మళ్లీ పోయాను, భూమయ్య తలుపు తీయలేదు. వాడలో ఎవరూ నాకు మంచినీళ్లు ఇవ్వలేదు. శంకరయ్య అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించారు. వీధి మధ్యలో నిలబడి, "దొంగ ఉన్నడని భయపడ్డరు గద, ఇప్పుడు తలుపులు తీసి పెట్టుకోండ్రి. దొంగ లేడు ఈ వాడల" అని అరిచాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పోలీసువాడు అలా అరవకూడదంటారు. నేను అరిచాను, మంచి పని చేశాను.

అదే సమయానికి వీధి చివరి నుంచి ఎల్లయ్య భార్య పోచవ్వ వస్తోంది. చేతిలో మొగుడి ఉలి, సుత్తి. భూమయ్య ఇంటి ముందు ఆగి లస్మవ్వను పిలిచింది. పోయిన శనివారం వాళ్లు కోహెడకు బయల్దేరకముందే ఎల్లయ్య ఆ ఇంటి విసుర్రాయి పైరాయికి గంట్లు కొట్టాడు. కింది రాయి మిగిలిపోయింది. సోమవారం వస్తానన్నాడు. సోమవారం నేను అతన్ని పట్టుకుపోయాను.

లస్మవ్వ తలుపు తీసింది. పోచవ్వ లోపలికి పోలేదు.

"రాయి బయటికి దొర్లియ్యక్కా. సగం పనితోని పెట్టి పోయిండు. పిండి ఎట్ల ఇసురుకుంటవ్?"

"వద్దు పోచవ్వా. ఉండనీ."

"ఎందుకుండనిస్తవ్? నీకు పిల్లలున్నరు గద."

రాయి బయటికి వచ్చింది. పోచవ్వ దాని ముందు కూర్చుని గంట్లు కొట్టడం మొదలుపెట్టింది. మొగుడంత చేయి తిరిగింది కాదు. ఒక గంటు సరిగా పడితే రెండు వంకర పోతున్నాయి. దుమ్ము లేచి ఆమె ముఖం తెల్లబడింది. లస్మవ్వ గడప మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నేను ఎదురుగా ఉన్నా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగవలసింది ఆ ఉలి అడుగుతోంది.

అదాలతు

సోమవారం మున్సిఫ్ ముందు నన్ను నిలబెట్టారు. అమీన్ సాబ్ మొదటి వరసలో కూర్చున్నాడు. బియ్యం సంగతి చెప్పాను. చెప్పి ఆగలేదు. ఆ మనిషి నోరు ఎందుకు ఎండిందో చెప్పాను. నీళ్ల బుర్ర తీసింది నేనేనని చెప్పాను. గురువారం పొద్దున నీలం పడుగు చూశానని, బదులు నూలు కాగితం అప్పటికి నా సంచిలోనే ఉందని చెప్పాను. అమీన్ సాబ్ నా వైపు చూడటం మానేశాడు.

మున్సిఫ్ భూమయ్యను అడిగాడు. భూమయ్య బామ్మర్ది మాటే మళ్లీ చెప్పాడు. వెనక శంకరయ్య, వాడ మగవాళ్లంతా కిక్కిరిసి నిలబడ్డారు. ఇక అయిపోయిందనుకున్నాను. ఎల్లయ్య రెండు చేతులతో బోను చెక్క పట్టుకుని దగ్గుతున్నాడు.

అప్పుడు వరండాలోంచి లస్మవ్వ లోపలికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. బంట్రోతు ఆపబోయాడు.

"గా నూలు మాదే. ఎవలూ ఎత్కపోలే. గడ్డివాముల నేనే దాసిపెట్టిన" అంది. భూమయ్య ఆమె రెక్క పట్టుకున్నాడు. విదిలించుకుంది. "ఇడువు. ఆమె నా రాయి కొట్టుకుంట కూసున్నది. నాకు గా పిండి బువ్వ మింగుడు పడ్తలేదు."

ఎల్లయ్యను వదిలేశారు. భూమయ్యకు జుర్మానా పడింది. మా వాడకు బదులు నూలు ఇవ్వడం ఆగిపోయింది. ఆగిపోయినందుకు కొన్ని ఇళ్లవాళ్లు సిద్దిపేట వదిలి పనుల కోసం పోయారు. ఈ సంగతి దాచి, నిజం గెలిచిందని రాసుకుంటే నాకే అసహ్యం. నిజం చెబితే దెబ్బ తగిలింది ఆకలితో ఉన్నవాళ్లకే. సగం నెల నూలుతో బతకమన్నవాళ్లకు ఏమీ కాలేదు. అయినా మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే చెబుతాను. ఒకరి ఆకలికి ఇంకొకడి వీపు బదులు కాదు.

అదాలతు బయట ఎల్లయ్య కాళ్ల దగ్గర కూర్చుని, నాది తప్పని చెప్పాను. అతను నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"నన్ను ఇడిసిన్రు. నా పేరును ఇడిసిన్రా?" అని అడిగాడు.

హాజరు

అతను అడిగింది ఠాణాలో అనుమానితుల పేర్లు రాసిపెట్టే బద్మాషుల దఫ్తరు గురించి. అందులో పేరున్నవాళ్లు ప్రతి శుక్రవారం ఠాణాకు వచ్చి, తమ పేరుకు ఎదురుగా వేలిముద్ర వేయాలి. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. ఎక్కడ ఏం పోయినా ముందు వాళ్లను తేవాలి. అదాలతు వదిలేసినా దఫ్తరు వదలదు. పేరు కొట్టేసే అధికారం పెద్ద సాబ్‌కు తప్ప ఎవరికీ లేదు.

శుక్రవారం వచ్చింది. మిగతావాళ్లు వచ్చి ముద్రలు వేసి పోయారు. ఎల్లయ్య రాలేదు. అమీన్ సాబ్ దఫ్తరు నా ముందుకు తోశాడు. అప్పటికే నన్ను కోహెడకు పంపాలని ఆయన రాసి పెట్టాడని నాకు తెలుసు.

"వాడు రాలేదు. పోయి పట్టుకరా."

"రాడు సాబ్. రావొద్దని నేనే చెప్పిన."

"నువ్వెవనివి చెప్పెటందుకు?"

"నేను పోను సాబ్. ఇంకొకల్లను పంపినా తోవల అడ్డం నిలబడత."

ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. ఆ ఖాళీ గడి పై అధికారి చూస్తే జవాబు చెప్పుకోవలసింది ఆయనే.

"రేపు ఆ వాడల ఏమన్న పోతే? ఎవలను తేవాలె? చెప్పు, ఎవలను తేవాలె?"

నాకు ఉర్దూలో దస్తకత్ చేయడం బాగా వచ్చు. కానీ కలం ముట్టుకోలేదు. సిరా డబ్బీ దగ్గరికి లాగి, ఎడమచేతి బొటనవేలు అందులో అద్ది, ఎల్లయ్య పేరుకు ఎదురుగా ఖాళీగా ఉన్న గడిలో గట్టిగా ఒత్తాను.

"నన్ను తేండ్రి సాబ్. జరగని దొంగతనానికి మనిషిని పట్టిచ్చినోణ్ణి ఈ ఊళ్లె నేనొక్కణ్ణే."